కొరుక్కుపేట గేటు దగ్గర పెరిగినవాడి ప్రశ్న: ఆరేళ్ళ పిల్లాడికి రైళ్ళు ఎక్కడ చూపించాలి?

కొరుక్కుపేట_కుర్రాడు · శుక్రవారం రాత్రి 10:12

మా ఇల్లు కొరుక్కుపేట రైల్వే గేటుకి నాలుగిళ్ళ అవతల ఉండేది. తాత కాలంలో నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చిన కుటుంబం మాది. గేటు పడిందంటే ఇక ఎప్పుడు లేస్తుందో దేవుడికే తెలియాలి. లోకల్, దాని వెనక గూడ్సు, గూడ్సు వెళ్ళిపోయింది కదా అనుకునేలోపు అవతలి పట్టా మీద ఎక్స్‌ప్రెస్సు. పెద్దవాళ్ళు సైకిళ్ళు దిగి తిట్టుకుంటూ నిలబడేవాళ్ళు. నేను నాన్న సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని, గేటు అప్పుడే లేవకూడదని మొక్కుకునేవాణ్ణి.

ఇంకో సంగతి. నేను చదివింది తమిళ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, రాయడం చదవడం ఎవరూ నేర్పలేదు. బండి పెట్టెలకి తగిలించిన బోర్డులుంటాయి చూశారా, పసుపు పచ్చ రేకు మీద ఎక్కడి నుంచి ఎక్కడికి అని, ఆంధ్రా బండ్లకైతే అందులో తెలుగు కూడా ఉండేది. నాన్న అవి చూపించి అక్షరాలు చెప్పేవాడు. ఒక పెట్టెకి ఒక అక్షరం. నేను మొట్టమొదట సొంతంగా చదివిన తెలుగు మాట 'విజయవాడ', అదీ పినాకిని ఎక్స్‌ప్రెస్సు పెట్టె మీద, అదీ కదులుతుండగా. 'వి' దగ్గర మొదలుపెడితే 'డ' దగ్గరికి వచ్చేసరికి ఆ పెట్టె దాటిపోయేది, తర్వాతి పెట్టె మీద మళ్ళీ 'వి' నుంచి.

ఇప్పుడు వేళచ్చేరిలో ఉంటున్నాం. మావాడికి ఆరేళ్ళు. ఫోన్లో ప్రపంచంలోని రైళ్ళన్నీ చూశాడు, జపాన్ రైలు వేగం కూడా చెబుతాడు. కానీ ఎక్స్‌ప్రెస్సు పక్కన నిలబడి ఆ గాలి మొహానికి తగలడం ఎలా ఉంటుందో వాడికి తెలియదు. మా ఇంటి దగ్గరి వేళచ్చేరి లోకల్ ఎక్కిస్తే 'ఇంజను లేదు కదా నాన్నా, ఇది రైలెలా అవుతుంది' అన్నాడు.

ఈ ఆదివారం ఎక్కడికి తీసుకెళ్ళాలి? మీరు చిన్నప్పుడు ఏ లైను పక్కన పెరిగారో, ఏ బండి మీ బండో అది కూడా రాయండి, చదువుతాను.

సిగ్నల్_సుబ్బు · శుక్రవారం రాత్రి 10:47

నేను రైల్వేలోనే పనిచేస్తున్నాను కాబట్టి ముందు చేదు మాట చెప్పేస్తాను. మీ చిన్నప్పటిలా పట్టాల పక్కన నిలబెట్టడం, గేటు గడ కింద నుంచి దూరడం లాంటివి వద్దు. అనుమతి లేకుండా పట్టాల మీదకి వెళ్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. ఈ మధ్య సెల్ఫీల కోసం వెళ్ళేవాళ్ళని చూస్తే నాకే వణుకు పుడుతోంది. కరెంటు ఇంజను వచ్చేటప్పుడు పొగబండిలా దూరం నుంచి చప్పుడు చెయ్యదు, దగ్గరికి వచ్చేదాకా తెలియదు.

ప్లాట్‌ఫారం టికెట్ పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. అంతకన్నా లోకల్ టికెట్ కొనుక్కుంటే ఎక్కి తిరగొచ్చు కూడా.

ఎక్కడ ఏ బండ్లు కనిపిస్తాయో తెలుసుకుని వెళ్ళండి. సెంట్రల్లో బయల్దేరిన బండి బేసిన్ బ్రిడ్జి దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఎడమకి వెళ్తే వ్యాసర్పాడి జీవా, పెరంబూరు, విల్లివాక్కం మీదుగా అరక్కోణం. బెంగళూరు, కేరళ, ముంబయి బండ్లు అటు వెళ్తాయి. తిరుపతికి వెళ్ళే సప్తగిరి కూడా అటే. కుడికి వెళ్తే మీ కొరుక్కుపేట, ఎన్నూరు, గూడూరు. గ్రాండ్ ట్రంక్, తమిళనాడు, కోరమండల్, హౌరా మెయిలు, నవజీవన్, మీ పినాకిని అన్నీ ఆ దారినే. పిల్లాడికి ఏవి చూడాలనుందో అడిగి వెళ్ళండి. పెరంబూరులో నిలబడి హౌరా మెయిలు కోసం చూస్తే రాత్రయినా రాదు.

గోదారమ్మ · శుక్రవారం రాత్రి 11:20

మీ ప్రశ్నకి సమాధానం నా దగ్గర లేదు, కానీ 'మీరు కూడా రాయండి' అన్నారు కదా, అది చాలు నాకు.

మాది రాజమండ్రి. ఇప్పుడు అన్నానగర్లో ఉంటున్నాను. మా అమ్మమ్మ చీర కొంగులో అయిదు పైసల బిళ్ళలు ముడేసుకుని బండెక్కేది. వంతెన మొదలవగానే కిటికీ ఊచల్లోంచి గోదారికి వెయ్యడానికి. నా చేతికీ ఒకటిచ్చేది. నేను వేసిన బిళ్ళ ఒక్కసారి కూడా నీళ్ళలో పడలేదు, ప్రతిసారీ ఇనప దూలానికి తగిలి టంగుమనేది. 'పడిందిలే, గోదారమ్మ దూలం మీంచి కూడా తీసుకుంటుంది' అనేది అమ్మమ్మ.

అది పాత వంతెన, హేవ్‌లాక్ వంతెన. 1897లో మొదలుపెట్టి 1900లో బండ్లు వదిలారు. పేరు అప్పటి మద్రాసు గవర్నరుది. 56 ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీలు), సింగిల్ లైను. 1974లో రోడ్డూ రైలూ కలిసిన వంతెన వచ్చినా ఇది నడుస్తూనే ఉండేది. 1997లో పక్కన ఆర్చి వంతెన వచ్చాక దీన్ని ఆపేశారు. నాకు మూడింటి చప్పుడూ వేరువేరుగా తెలుసు. పాతదాని మీద బండి మెల్లగా, ఒక్కో ఖానా లెక్కపెట్టుకుంటున్నట్టు వెళ్ళేది. ఆర్చి వంతెన మీద ఎక్కామో లేదో కొవ్వూరు వచ్చేస్తుంది. దండం పెట్టుకునే టైము కూడా ఉండదు.

ఇప్పుడు అన్నీ ఏసీ పెట్టెలే కదా, అద్దాలు బిగించేసి ఉంటాయి. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా అమ్మాయి తలుపు దగ్గరికి వెళ్ళి వేస్తానంటే నేనే వద్దన్నాను. భయం. బిళ్ళ ఇంకా నా పర్సులోనే ఉంది.

వందేభారత్_వాసు · శనివారం ఉదయం 7:05

నాకు 19. అందరూ తిడతారని తెలిసే రాస్తున్నాను. రైళ్ళ గురించి ఎవరు మాట్లాడినా పొగ, బొగ్గు, పాత వంతెన, 'ఆ రోజులే వేరు' అని మొదలుపెడతారెందుకు? మేం పెరంబూరులో ఉంటాం. కొత్త పెట్టెలు కోచ్ ఫ్యాక్టరీలోంచి బయటికి రావడం చూస్తూ పెరిగాను. 2018లో మొదటి వందేభారత్ అక్కడే తయారైంది, అప్పుడు దాన్ని ట్రెయిన్ 18 అనేవాళ్ళు. ట్రయల్లో 180 కిలోమీటర్ల వేగం అందుకుంది. మా ఇంటి దగ్గర తయారైన బండి, 180! నాకదే చిన్ననాటి జ్ఞాపకం.

అన్నా, మీవాడికి చెప్పండి, వందేభారత్‌కి కూడా విడిగా ఇంజను ఉండదు. మోటార్లు పెట్టెల కిందే ఉంటాయి, మీ వేళచ్చేరి లోకల్‌కి ఉన్నట్టే. వాడి లెక్కన అదీ రైలు కాదు 😄

ఆవిరి ఇంజను నేను చూడలేదనుకోకండి. ఊటీ బండి ఎక్కాను. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఇంజను వెనక నుంచి తోస్తుంది, పట్టాల మధ్యలో పళ్ళ కడ్డీ, దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. కొండ మీద పన్నెండడుగులు ముందుకి వెళ్తే ఒకడుగు పైకి. మొత్తం 46 కిలోమీటర్లకి పొద్దున ఏడింటికి ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగాం. బాగుంది. ఒకసారికి.

బిట్రగుంట_బాబాయి · శనివారం ఉదయం 9:30

వాసూ, నిన్ను నేనెందుకు తిడతాను నాయనా. నువ్వు చెప్పింది మా నాన్న విని ఉంటే నీకు కాఫీ పోయించేవాడు.

నాకు అరవై తొమ్మిది. విల్లివాక్కంలో ఉంటాను. పుట్టింది నెల్లూరు జిల్లా బిట్రగుంటలో, రైల్వే క్వార్టర్సులో. ఈ కాలం వాళ్ళకి ఆ ఊరి పేరు తెలియదు. కావలికీ నెల్లూరుకీ మధ్య మెయిలు కూడా సరిగ్గా ఆగని స్టేషను అనుకుంటారు. ఒకప్పుడు అక్కడ పెద్ద లోకో షెడ్డు. మధ్యలో ఇంజన్ని తిప్పే టర్న్‌టేబులు, దాని చుట్టూ గుండ్రంగా ఇంజన్లు, అన్నీ లోపలికి మొహం పెట్టి పంక్తి భోజనానికి కూర్చున్నట్టు. ఎక్స్‌ప్రెస్సులకి డబ్ల్యూపీలు, వాటికి ముక్కు ముందు బుల్లెట్‌లా ఉండేది. గూడ్సుకి డబ్ల్యూజీలు. బెజవాడ, మద్రాసు మధ్య నడిచే బండ్లకి ఇంజనూ మనుషులూ మారేది మా ఊళ్ళోనే.

మా నాన్న ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరయ్యాడు. రాత్రి ఏ రెండింటికో కాల్ బాయ్ లాంతరు పట్టుకుని వచ్చి తలుపు కొట్టేవాడు, నాన్న లేచి వాడి పుస్తకంలో సంతకం పెట్టాలి, ఫలానా బండికి డ్యూటీ అని. అమ్మ అప్పుడు లేచి పొయ్యి రాజేసేది. రేకు పెట్టె ఒకటుండేది, లైను బాక్సు అనేవాళ్ళం. అందులో జెండాలు, దీపం, మార్చుకోవడానికి బట్టలు, కారియర్ అన్నీ సర్దుకుని వెళ్ళేవాడు. గూడూరో ఒంగోలో, ఎక్కడ రన్నింగ్ రూములో పడుకుంటాడో, ఎప్పుడొస్తాడో అమ్మకి తెలియదు.

మేం పిల్లలం షెడ్డు గోడెక్కి కూర్చునేవాళ్ళం. పక్క క్వార్టర్సు తమ్ముడైతే కూత విని ఏ ఇంజనో చెప్పేవాడు. నాన్న అటుగా వచ్చి చూస్తే దించి తరిమేవాడు. ఒక్కరోజు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఇదిగో ఇది నా ఇంజను అని చూపించలేదు. చాలా ఏళ్ళు అది మనసులో పెట్టుకున్నాను, కోపంగానే. ఎండాకాలం నెల్లూరు ఎండ, దాని మీద ఫైర్‌బాక్సు తలుపు తెరిస్తే వచ్చే సెగ, మూరెడు దూరంలో నిలబడి గంటల తరబడి పారతో బొగ్గు ఎత్తి పోయడం. చేతుల మీద వెంట్రుకలు ఉండేవి కావు ఆయనకి. మోచేతుల దాకా మచ్చలు. దగ్గితే నల్లగా పడేది. పెద్దయ్యాక అవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటే, ఆయనకి ఆ ఇంజన్ని పిల్లలకి చూపించాలని ఎందుకనిపిస్తుంది?

తర్వాత కరెంటు లైను వచ్చింది. బిట్రగుంటకి పని పోయింది. ఊరు ఊరంతా ట్రాన్స్‌ఫర్లయి చెల్లాచెదురైపోయింది. మేం మద్రాసు వచ్చాం. నాన్న ట్రైనింగయి మొదటిసారి కరెంటు ఇంజను మీద డ్యూటీకి వెళ్ళొచ్చిన రోజు నాకు గుర్తుంది. తెల్ల చొక్కాతో వెళ్ళాడు, తెల్ల చొక్కాతోనే వచ్చాడు. అమ్మ ఆ కాలరు తిప్పి తిప్పి చూసింది, నమ్మలేక.

అయినా రిటైరయ్యాక మేడ మీద కుర్చీ వేసుకుని బండ్ల వైపే కూర్చునేవాడు. ఎందుకో నేనడగలేదు.

గోదారమ్మ · శనివారం ఉదయం 9:52

బాబాయి గారూ, ఆ కాలరు దగ్గర చదవడం ఆపి ఫోను పక్కన పెట్టేశాను కాసేపు.

వందేభారత్_వాసు · శనివారం ఉదయం 10:10

సారీ తాతగారూ. నేను అలా ఆలోచించలేదు.

బిట్రగుంట_బాబాయి · శనివారం ఉదయం 10:14

సారీ ఎందుకు, నువ్వు నా పక్షమే. తాతగారు మాత్రం వద్దు, బాబాయి అని పెట్టుకున్నాను కదా పేరు.

మార్కాపురం_మీటర్‌గేజి · శనివారం మధ్యాహ్నం 1:15

నేను పోరూరులో ఉంటాను, సొంతూరు మార్కాపురం దగ్గర. మెయిన్ లైను వాళ్ళకి ఎంతసేపూ కోరమండలే. మాకు గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్ళే మీటర్ గేజి ఒక్కటే దిక్కు. పట్టాల మధ్య సరిగ్గా మీటరు, మీ బ్రాడ్ గేజికైతే 1,676 మిల్లీమీటర్లు. బండి చిన్నది, పెట్టె చిన్నది, అటూ ఇటూ ఊగుతూ వెళ్ళేది, నిద్రపోతే ఉయ్యాల్లో ఉన్నట్టే. మా నాయనమ్మ దాన్ని పొట్టి బండి అనేది.

నేను చూడ్డానికి వెళ్ళేది బండిని కాదు, టోకెను మార్చుకోవడాన్ని. సింగిల్ లైను కాబట్టి ఎదురుగా ఇంకో బండి రాకూడదు కదా, ఆ సెక్షన్‌కి ఒక్కటే టోకెను బయటికి వస్తుంది మిషన్లోంచి, క్రికెట్ బంతంత ఇనప గుండు. దాన్ని తోలు సంచిలో పెట్టి ఆ సంచిని పెద్ద బెత్తం చట్రానికి కడతారు. బండి ఆగని స్టేషన్లో ఒకాయన ప్లాట్‌ఫారం చివర చట్రం పైకెత్తి నిలబడతాడు. ఇంజన్లోంచి ఫైర్‌మన్ పాతది కిందికి విసిరి, చెయ్యి చాపి కొత్తదాన్ని మోచేతికి తగిలించుకుంటాడు. అంతా రెండు సెకన్లు. తప్పిందంటే బండి ఆపాల్సిందే. తప్పడం నేను ఒక్కసారే చూశాను. బండి ముందుకెళ్ళి కీచుమంటూ ఆగింది, ఫైర్‌మన్ దిగి వెనక్కి పరుగెత్తుకుంటూ వచ్చాడు, మేమంతా చప్పట్లు కొట్టాం, ఆయన మాకేసి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

గిద్దలూరు దాటాక నల్లమల. దొరబావి వంతెన మీద బండి వెళ్తుంటే కింద లోయ చూసి అమ్మ కళ్ళు మూసుకునేది. 1880లలో కట్టిన వంతెన అది. తొంభైల్లో బ్రాడ్ గేజి వేసినప్పుడు అడవిలో దారి మార్చేశారు, వంతెన పాత దారితోపాటే వదిలేశారు. మా లైను బాగుపడింది, ఒప్పుకుంటాను. ఇప్పుడు గుంటూరు తొందరగా చేరుతున్నాం. కానీ ఆ ఊగుడు లేదు, నాకు బండ్లో నిద్ర పట్టడం మానేసింది.

పల్లావరం_పిల్ల · శనివారం మధ్యాహ్నం 2:40

మీటర్ గేజి అంటే అడవులూ కొండలూ అంటున్నారు, మాకు మద్రాసు నడిబొడ్డునే ఉండేది కదా! బీచి నుంచి తాంబరం దాకా. 1931లోనే కరెంటు రైళ్ళు, మీటర్ గేజి మీద. మీలో ఎంతమందికి గుర్తుంది? ఆఖరికి 2004లో ఆపేశారు.

మా నాన్నగారు గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి పల్లావరంలో ఇల్లు తీసుకున్నారు. ఇంటి వెనక పెరడు, పెరటి వెనక గోడ, గోడ వెనక లైను. ఎగ్మూరు నుంచి మదురై వెళ్ళే వైగై వస్తే గిన్నెలు కదిలేవి. మా అమ్మ దాన్ని బట్టే మధ్యాహ్నం పనులు మొదలుపెట్టేది, గడియారం కేసి చూడటం నేనెప్పుడూ చూడలేదు. అది ఆలస్యమైన రోజు మా ఇంట్లో అన్నీ ఆలస్యమే.

బ్రాడ్ గేజి లోకళ్ళు వచ్చాక పెట్టెలు పెద్దవయ్యాయి, ఎక్కడానికి సందు దొరికింది. ఆ రోజుల్లో చీర కట్టుకుని చిన్న పెట్టెలో వేలాడుతూ పార్క్ స్టేషన్ దాకా వెళ్ళిన మా అమ్మని అడిగితే జ్ఞాపకాలూ గిపకాలూ ఏం చెప్పదు, 'పీడ వదిలింది' అంటుంది. వాసు, నీకు ఇంకో ఓటు.

పిల్లాడికైతే పెరంబూరు వైపు కోచ్ ఫ్యాక్టరీ రైలు మ్యూజియం బాగుంటుంది, 2002లో పెట్టారు. పాత ఇంజన్లూ పెట్టెలూ బయట వరసగా ఉంటాయి, పిల్లల బండి కూడా ఉంది. సోమవారం సెలవు.

కొరుక్కుపేట_కుర్రాడు · శనివారం మధ్యాహ్నం 3:05

మ్యూజియం చూపించానండి పోయిన వేసవిలో. ఇంజన్ల మీద చెయ్యి వేసి చూశాడు, 'ఇవి ఎప్పుడు కదులుతాయి' అని మూడుసార్లు అడిగాడు. కదలవని తెలిశాక ఐస్‌క్రీం గురించి మొదలుపెట్టాడు.

ఎగ్మూరు_ఎంకన్న · శనివారం సాయంత్రం 4:20

సెంట్రల్‌కే తీసుకెళ్ళండి సార్, దక్షిణాదిలో మొట్టమొదటి స్టేషను, ఎర్ర బిల్డింగు, గడియారం స్తంభం. పిల్లాడికి చరిత్ర కూడా తెలుస్తుంది.

సిగ్నల్_సుబ్బు · శనివారం సాయంత్రం 4:31

మొట్టమొదటిది సెంట్రల్ కాదండీ, రాయపురం. 1856 జులై 1న దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల బండి రాయపురం నుంచి ఆర్కాటు వైపు, వాలాజా రోడ్డు దాకా వెళ్ళింది. సెంట్రల్ వచ్చింది 1873లో, ఎగ్మూరు 1908లో. 1853లో బొంబాయిలో మొదటి బండి బయల్దేరిన బోరి బందరు స్టేషను ఇప్పుడు లేదు, అందుకే మన దేశంలో మిగిలిన పాత స్టేషను భవనాల్లో రాయపురానిదే మొదటి స్థానం. పెద్ద పెద్ద స్తంభాలతో జమీందారు బంగళాలా ఉంటుంది. ఎదురుగా నిలబడి టీ తాగుతూ కూడా అదేమిటో తెలియనివాళ్ళు బోలెడుమంది.

ఎగ్మూరు_ఎంకన్న · శనివారం సాయంత్రం 4:40

అయితే ఇరవయ్యేళ్ళుగా చుట్టాలందరికీ తప్పు చెబుతున్నానన్నమాట. సరే. సెంట్రల్ మాత్రం చూడ్డానికి బాగుంటుంది, అది మార్చుకోను.

తడ_తంబి · శనివారం రాత్రి 8:15

అన్నా, ఇంతసేపూ అందరూ పిల్లాణ్ణి నిలబెట్టి చూపించాలనే ఆలోచిస్తున్నారు. బండిలో కూర్చోబెట్టి చూపించండి. మాది తడ. రోజూ చెన్నైకి పనికొచ్చి వెళ్ళేవాణ్ణి, పదకొండేళ్ళు. సెంట్రల్ పక్క మూర్ మార్కెట్ స్టేషన్నుంచి గుమ్మిడిపూండి లోకళ్ళు ఉన్నాయి, వాటిలో కొన్ని సూళ్ళూరుపేట దాకా వస్తాయి. సూళ్ళూరుపేట లోకల్ చూసుకుని పొద్దున్నే ఎక్కండి, ఆదివారం ఖాళీగా ఉంటుంది, కిటికీ దొరుకుతుంది.

ఎటు వైపు కూర్చోవాలో కూడా చెబుతాను. వెళ్ళేటప్పుడు కుడి వైపు. ఎన్నూరు దగ్గర నీళ్ళు, పడవలు, కరెంటు ఫ్యాక్టరీ గొట్టాలు. అత్తిపట్టు దగ్గర బొగ్గు బండ్లు నిలబడి ఉంటాయి, పొడుగంటే పొడుగు, ఆ చివర కనిపించదు. మీంజూరు, పొన్నేరి దాటాక పొలాలు. మధ్యలో లోకల్‌ని పక్కన పెట్టి ఎక్స్‌ప్రెస్సుకి దారిస్తారు. మేమైతే తిట్టుకుంటాం. మీకు కావలసింది అదే కదా, కదలని బండ్లో కూర్చుని, నాలుగడుగుల దూరంలో కోరమండల్ దాటుతుంటే చూడ్డం. గాలికి పెట్టె ఊగుతుంది.

ఆరంబాక్కంతో తమిళనాడు అయిపోతుంది. తర్వాతి స్టేషను మాది. మీరు బోర్డుల మీద అక్షరాలు నేర్చుకున్నానన్నారే, మా ఊరి బోర్డు మీద తెలుగులో రెండంటే రెండే అక్షరాలు. గుణింతం కూడా లేదు. ఆరేళ్ళ పిల్లాడికి అంతకన్నా సులువైన ఊరు ఆంధ్రాలో ఇంకోటి దొరకదు.

పల్లావరం_పిల్ల · శనివారం రాత్రి 8:22

తంబీ 👏👏 రెండు రోజులుగా చదువుతున్నవాటిలో ఇదే మంచి ఐడియా.

బిట్రగుంట_బాబాయి · శనివారం రాత్రి 9:00

బొగ్గు బండి కనిపిస్తే పెట్టెలు లెక్కపెట్టించండి. చివర గార్డు పెట్టె వచ్చేదాకా మాట్లాడకూడదని పందెం. ఇంట్లో కాసేపు నిశ్శబ్దం కావాలంటే మా అమ్మ మాతో ఆడించిన ఆట అదే.

సిగ్నల్_సుబ్బు · శనివారం రాత్రి 9:04

ఇప్పుడు గార్డు అనకూడదు బాబాయ్, 2022 నుంచి ట్రెయిన్ మేనేజరు.

బిట్రగుంట_బాబాయి · శనివారం రాత్రి 9:06

పెట్టె అదే కదా. ఊపులు కూడా అవే.

కొరుక్కుపేట_కుర్రాడు · ఆదివారం రాత్రి 9:50

వెళ్ళొచ్చాం. పొద్దున ఆరింటికే లేపితే ఏడుస్తాడనుకున్నాను, నాకంటే ముందు చెప్పులేసుకుని కూర్చున్నాడు.

కొరుక్కుపేట దగ్గర మా గేటు చూపించాను. బండ్లో కూర్చుని ఆ గేటు చూడటం నాకే కొత్త. అవతల బళ్ళు ఆగి ఉన్నాయి, ఒకాయన హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకుని మా వైపే విసుగ్గా చూస్తున్నాడు. మావాడు ఆయనకి టాటా చెప్పాడు. ఆయన ఊపలేదు. పక్కన సైకిలు మీదున్న పిల్లాడు ఊపాడు.

తంబి చెప్పినట్టే పొన్నేరి దాటాక మా బండిని ఆపేశారు. ఇరవై నిమిషాలు. మావాడు ఫోను అడిగాడు, ఇవ్వలేదు. కిటికీ ఊచ నాకాడు (ఇంట్లో చెప్పకండి). ఇంకో అయిదు నిమిషాలకి పట్టాలు సన్నగా మోగడం మొదలైంది, ఏమిటది అని అడిగేలోపే పక్క లైను మీద ఎక్స్‌ప్రెస్సు వచ్చి పడింది. వాడు ఒక్కసారి నా ఒళ్ళోకి దూకాడు. భయపడ్డాడేమో అనుకున్నాను. బండి వెళ్ళిపోయాక వాడి మొదటి మాట: 'మళ్ళీ ఎప్పుడు ఆపుతారు?' ఏ బండో నేను చూడలేకపోయాను, వాడి జుట్టు నా కళ్ళకి అడ్డం.

తిరుగు ప్రయాణంలో అత్తిపట్టు దగ్గర బొగ్గు బండి మాకెదురుగా వెళ్తోంది. పందెం వేశాం. నాకు 58 వచ్చాయి, వాడికి 59. ఇద్దరం పట్టు వదల్లేదు. వాళ్ళమ్మకి ఫోను చేసి మరీ ఫిర్యాదు చేశాడు, నాన్నకి లెక్కలు రావని.

సిగ్నల్_సుబ్బు · ఆదివారం రాత్రి 10:02

బాక్స్‌ఎన్ అనే బొగ్గు వ్యాగన్ల బండిలో మామూలుగా 58 వ్యాగన్లు, చివర బ్రేక్ వ్యాను, అదే బాబాయి చెప్పిన గార్డు పెట్టె. మీవాడు బ్రేక్ వ్యాను కూడా కలిపాడు, మీరు కలపలేదు. ఇద్దరిదీ కరెక్టే. నా ఓటు వాడికి.

గోదారమ్మ · ఆదివారం రాత్రి 10:15

అసలు సంగతి చెప్పలేదు. తడ బోర్డు?

కొరుక్కుపేట_కుర్రాడు · ఆదివారం రాత్రి 10:31

దిగాం. బోర్డు ముందు నిలబెట్టాను. మొదటిది 'త' అని చెప్పాను, రెండోది 'డ' అన్నాను. అంతకు ముందు ఏడు స్టేషన్ల బోర్డులు తమిళంలో గడగడా చదివిన పిల్లాడు, ఇక్కడ వేలితో గాల్లో రాసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత 'తడ, తడ, తడ' అని తిరుగు బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ పరుగెత్తాడు. మా నాన్నకి వీడియో పంపించాను. చూసినట్టు టిక్కు పడింది, అరగంట దాకా సమాధానం లేదు. తర్వాత ఫోను చేసి 'డ బాగా పలుకుతున్నాడు' అన్నాడు.

వచ్చే ఆదివారం సూళ్ళూరుపేట దాకా వెళ్దామంటున్నాడు. అందులో దీర్ఘాలూ ఒత్తూ ఉన్నాయని ఇంకా చెప్పలేదు.